బావ మూట

మా అక్క భర్తను తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరైనా సాయానికి చెయ్యి చాపితే చాలు, మోస్తున్న మూటను రెండో భుజానికి మార్చి, "పట్టుకోబాక" అనేవాడు.

మా తాత చిట్టమూరు నుంచి బోగోలు దాకా కాలవ గట్టున, తన తిండి తానే మోసుకుని, ఎవరి సాయమూ లేకుండా మూడో రోజు పొద్దుగూకేసరికి చేరాడని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అది విని విని బావకు పంతం పట్టింది. అదే పద్ధతిలో ఇంకా తొందరగా నడుస్తానని పంతొమ్మిది వందల అరవైల్లో ఒక వేసవిలో బయలుదేరాడు.

మూడో రోజు నేను బోగోలు పొలిమేరలో మజ్జిగ ముంతతో ఎండలో నిలబడ్డాను. బావ కుంటుతూ వచ్చాడు. మజ్జిగ వద్దన్నాడు. తెగిన చెప్పు కట్టుకోవడానికి వంగితే మూట జారింది. చటుక్కున పట్టుకున్నాను.

"ఎంత పని చేసినావబ్బా! అంతా చెడగొట్టినావే!"

"అటుకులు మట్టిపాలయ్యేవి కదా బావా!"

"అయితే కానీ. మీ తాత మూట ఎవురన్నా పట్టుకున్నారా?"

ఆ ఏడాదంతా ఏ పెళ్ళికి పోయినా, "పట్టుకున్నది వీడే" అని నన్ను చుట్టాలకు చూపించాడు.

మరుసటి వేసవిలో మళ్ళీ నడిచాడు. ఈసారి నేను చేతులు వెనక్కి కట్టుకుని బోగోలు కాలవ రేవు దగ్గర నిలబడ్డాను. మూడో రోజు మధ్యాహ్నానికే బావ రేవు మెట్టెక్కాడు. తాతను గెలిచాడు. మూట దించి నా వైపు చాపాడు.

"ఇప్పుడు పట్టుకోబ్బా."

ఆయన తనంతట తాను మూట ఇవ్వజూపడం నేనెరిగి అదొక్కసారే.

"పట్టుకోబాక అన్నావు కదా బావా," అన్నాను. చేతులు విప్పలేదు.