నడుమ ఆగే పాట

ఈ ఉదయం పెద్దపల్లిలో మా వీధి ఆడవాళ్లు కోలాటం సాధన మొదలుపెట్టారు. కొత్త కోలల నుంచి రంగు వాసన ఇంకా పోలేదు. పెద్ద స్పీకరులో పాట పెట్టగానే గుండెల మీద ఎవరో గుద్దినట్టయింది. పండుగకు ఏ పాట బాగుంటుందని వాళ్లు నన్ను అడిగారు. కోలాటానికి పాట ఎంచడం నాకు నేర్పింది సత్తెవ్వ. భయపడుతూ బతకడం నేర్పింది కూడా ఆమే.

బోథ్ దగ్గరి పత్తి చేలలో పెరిగిన నేను, పెళ్లయ్యాక గోదావరి ఒడ్డున బొగ్గుగనుల కాలనీకి వచ్చాను. మా ఆయన రాజన్నది భూమి లోపలి పని. ఆయన డ్యూటీకి వెళ్లి తిరిగి గడప తొక్కేదాకా నాకు ముద్ద దిగేది కాదు. పక్క క్వార్టరులో సత్తెవ్వ ఉండేది. గనిలో పైకప్పు కూలి ఆమె భర్త పోతే, ఆయన ఉద్యోగానికి బదులుగా ఆమెకు ఆఫీసులో అటెండరు పని ఇచ్చారు. నా వాలకం చూసి ఏమీ అడగకుండా చేతిలో కోలలు పెట్టి తన జట్టులో నిలబెట్టింది.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు కాలనీ మైదానంలో ఆడాలనుకున్నాం. పడుచువాళ్లు ఫోనుల్లో ఊపున్న పాటలు వినిపించి, పెద్ద స్పీకరు డబ్బాలు పెట్టిద్దామన్నారు. సత్తెవ్వ అన్నీ ఓపికగా విన్నది. ప్రతి పాటకూ "నడుమ ఆగుతదా?" అని ఒక్కటే అడిగింది. చివరికి తను నోటితో పాడే వరినాట్ల పాటను ఎంచింది. చరణం అయిపోగానే కోలలు గాలిలో నిలిచిపోవాలి. ఒక ఊపిరి తీసేంత సేపు చప్పుడే ఉండదు. చూసేవాళ్లు మేం ఆట మరిచిపోయామనుకుంటారని పడుచువాళ్లలో కవిత విసుక్కుంది.

సత్తెవ్వ కోలలు ఒళ్లో పెట్టుకుంది. "నా పెనిమిటి పోయిన్నాడు గిట్లనే మైకు పెట్టుకొని ఆడుతున్నం. సైరన్ మొత్తుకున్నదట. నాకు ఇనరాలే. అందరు గని కాడికి పోయినంక నేను పోయిన."

మళ్లీ ఎవరూ స్పీకరు మాట ఎత్తలేదు. ఆనాటి నుంచి పాట ఆగిన ప్రతిసారీ నా ఒళ్లంతా చెవులయ్యేది.

ఒక మధ్యాహ్నం సాధనలో పాట ఆగి, కోలలు గాలిలో ఉండగానే సైరన్ వినబడింది. అది షిఫ్టు మారే వేళ కాదు. కోలలు అక్కడే పారేసి పరుగెత్తాం. లోపల కప్పు కూలిందనీ, మనుషులు ఉండిపోయారనీ గేటు దగ్గర కాపలాదారు చెప్పాడు. సత్తెవ్వ నా మణికట్టు పట్టుకుంది. ఆయన వస్తారా అని అడిగాను.

"తెల్వదు బిడ్డా. నేనైతే ఈడనే ఉంట."

లిఫ్టు పైకి వచ్చినప్పుడల్లా ముఖాలన్నీ మసే, ఎవరెవరో పోల్చుకోలేకపోయాను. ఆఖరున వచ్చినవాళ్లలో మా ఆయన ఉన్నారు, స్ట్రెచర్ మీద, కాలు విరిగి. నీళ్లు కావాలన్నారు. ఆ గొంతు విన్నాకే ఊపిరి తీసుకున్నాను. అంబులెన్సు ఎక్కుతూ వెనక్కి చూస్తే, అందరూ వచ్చేశారని చెప్పినా సత్తెవ్వ ఇంకా ఆ లిఫ్టు వైపే చూస్తూ నిలబడి ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక, ఇక ఆడనని తలుపు వేసుకున్నాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"భయం పోతదని నీకెవలు చెప్పిన్రు? నాకు పోలే. దాన్ని గూడ ఎంబడి పెట్టుకొనే ఆడుతున్న."

పండుగనాడు భయపడుతూనే ఆడాను. పాట ఆగినప్పుడల్లా చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ గని వైపే చెవులు పెట్టడం చూశాను. అంతమందిలో భయాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నట్టు అనిపించలేదు.

సత్తెవ్వ ఇప్పుడు లేదు. గని పని మానేశాక పెద్దపల్లికి వచ్చేశాం, మా ఆయన కాస్త కుంటుతూ ఇంటి పట్టునే ఉంటున్నారు. మా ఇంటి చుట్టుపక్కల ఎక్కడా గని లేదు. అయినా పచ్చడికి మిక్సీ వేస్తే నడుమ ఓసారి ఆపుతాను. చెవి పెట్టి వింటాను. ఏమీ వినబడదు. అప్పుడు మళ్లీ వేస్తాను.