ఇరుసు చేసిన చెయ్యి

గడియారాలు బాగుచేసే ఆ మేస్త్రిని బజారంతా బంగారుచెయ్యి అని పిలుస్తుంది. అరవై ఆరేళ్ళ మనిషి. రెండు పెద్ద దుకాణాల మధ్య ఇరుక్కున్న గదిలో కూర్చుంటాడు. కుర్చీ వెనక్కి జరిపితే గోడ తగులుతుంది, ముందుకి జరిపితే బల్ల పొట్టకి తగులుతుంది. ఇప్పుడు పనంటే చాలావరకు సెల్లు మార్చడమే. కీ ఇచ్చే గడియారం ఎవరైనా పట్టుకొస్తే మాత్రం ఆ పూట ఆయన భోజనం సంగతి మర్చిపోతాడు.

ఒకరోజు పొద్దున్నే పదవీ విరమణ చేసిన ఒక నర్సు అలాంటిదే తెచ్చింది. చేతి రుమాల్లో చుట్టిన స్విస్ గడియారం. వాళ్ళ నాన్న రైలింజను డ్రైవరుగా ఉన్న రోజుల్లో పెట్టుకున్నది. దాంతోపాటు ఒక ఉత్తరం కూడా ఉంది.

"మేస్త్రిగారూ, నాకు తలా తోకా తెలియట్లేదు. కాస్త మీరే చూడండి" అంది.

పాత గడియారాల మీద మోజున్నవాళ్ళు కొందరు కలిసి ఆ కంపెనీ చరిత్ర మీద ఒక ప్రదర్శన పెడుతున్నారట. ఈవిడ తన గడియారం పంపింది. వాళ్ళు దాన్ని విప్పి చూసి, తిరిగి పంపుతూ ఇలా రాశారు: 'లోపల అన్నీ కంపెనీ భాగాలే, ఒక్క బ్యాలెన్స్ చక్రం ఇరుసు, అంటే అటూ ఇటూ ఊగే చక్రాన్ని మోసే సన్నటి కడ్డీ, తప్ప. దాన్ని ఎవరో చేత్తో చేశారు. ఇంత చక్కని చేతిపని మేం అరుదుగా చూశాం. మూత లోపల మరమ్మతు చేసినవారి గుర్తుంది. ఎవరిదో కనుక్కుని ప్రదర్శనకి గడియారం మళ్ళీ పంపితే, దాని పక్కన కార్డు మీద ఆ పేరు రాస్తాం.'

ఆ కంపెనీ గురించి చెప్పమంటే మేస్త్రికి నోరు ఆగదు. కొండల్లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టారు. మంచు పడి పొలం పనుల్లేని నెలల్లో ఒక్కో ఇల్లు ఒక్కో భాగం చేసేది. ఒక ఇంట్లో పళ్ళచక్రాలు, ఇంకో ఇంట్లో మరలు, వేరే ఇంట్లో ముళ్ళు. అందరూ వెలుతురు కోసం కిటికీ పక్కనే కూర్చునేవాళ్ళు. వసంతం వచ్చేసరికి అవన్నీ ఒకచోట చేరి గడియారాలయ్యేవి. తర్వాత బ్యాటరీ గడియారాలు వచ్చి ఆ కంపెనీని మింగేశాయి. ఇదంతా ఆయనకి నాన్న చెప్పాడు. ఆ కొండల్ని నాన్న కూడా చూసింది లేదు.

నర్సుకి ఆ కథంతా వినిపిస్తూనే మేస్త్రి మూత తీశాడు. కంటద్దం పెట్టుకుని వంగాడు. సూదిమొనతో గీసిన చిన్న త్రికోణం, మధ్యలో చుక్క.

"అరె, ఇది నా గుర్తే!" అని గట్టిగా నవ్వాడు. "మా నాన్న నాకిచ్చిన గుర్తిది. అమ్మా, మీరు తిరిగి తిరిగి సరైన చోటికే వచ్చారు."

నర్సు మొహం విప్పారింది. అంతలో మేస్త్రి గుర్తు కింద ఉన్న నెలా సంవత్సరం చదివాడు. మళ్ళీ చదివాడు. అద్దం తుడుచుకుని ఇంకోసారి చదివాడు. నవ్వు ఎటుపోయిందో పోయింది.

"రెండ్రోజులు నా దగ్గర ఉంచండమ్మా" అన్నాడు.

ఇంటికెళ్ళి భార్యని అడిగాడు. "ఏమే, నా చెయ్యి విరిగింది ఏ నెల్లో?"

"మన పెళ్ళి ఆగిపోయిన నెల్లో. సైకిలు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నారు. రెండు నెలలు పిండికట్టు. పెళ్ళి వాయిదా. నాకు దొరికిన ఆఖరి సెలవులవి, ఎలా మర్చిపోతాను?"

ఆవిడ చెప్పిన నెలా గడియారంలో గీసిన నెలా ఒక్కటే. అప్పుడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడానికే ఆయనకి ఎడమచెయ్యి తప్ప దిక్కు లేదు. వెంట్రుకకన్నా సన్నటి కొసలున్న ఇరుసుని ఎలా చేశాడు?

"నాన్న చేసుంటాడు" అన్నాడు పైకే.

"మామయ్యగారా? ఆయనకి అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు. పెళ్ళిచూపులకొచ్చి నన్ను వదిలేసి మా పిన్నిని దీవించి వెళ్ళారు."

 మేస్త్రికి ఈమధ్య మతిమరుపు వస్తున్నమాట నిజమే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. కానీ చేసిన పని మర్చిపోవడం వేరు, చెయ్యలేని రోజుల్లో చేసిన పని మర్చిపోవడం, ఇదేం రోగం? పాత వైద్యుడి చీటీ వెతికి తీశాడు. కట్టు వేసిన తేదీ, విప్పిన తేదీ రెండూ ఉన్నాయి. గడియారంలోని నెల వాటి మధ్యన ఇరుక్కుని కూర్చుంది.

ఆ రోజుల్లో దుకాణం ఒక్కరోజు కూడా మూతపడలేదు. నాన్న లాక్కొస్తున్నాడని తను అనుకున్నాడు. నాన్నకి కళ్ళు కనబడవని తనకి తెలుసు. ఈ రెండూ నలభై రెండేళ్ళుగా ఒకే బుర్రలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

ఆ దుకాణంలో కూర్చున్న మనిషి ఇంకొకరు ఎవరా అని ఆలోచిస్తే, మిగిలింది చెల్లెలు. అప్పుడు పందొమ్మిదేళ్ళ పిల్ల. నాన్నకి కాఫీ తెచ్చేది, బల్ల తుడిచేది. అంతవరకే ఆయనకి గుర్తు. తర్వాత ఆమె బేరింగుల కర్మాగారంలో తనిఖీ విభాగంలో చేరి, అక్కడే ముప్పై నాలుగేళ్ళు పనిచేసింది.

మర్నాడు రెండు బస్సులు మారి చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. ఆమె ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది.

"ఏంటన్నయ్యా, చెప్పా పెట్టకుండా? వదిన బాగుందా?"

ఆయన గడియారం తీసి దుప్పటి మీద పెట్టాడు. మూత తియ్యలేదు.  ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. కొంచెం కీ ఇచ్చి మళ్ళీ విన్నది.

"ఇంజను డ్రైవరుగారిది కదూ? కింద పడేస్తే ఇరుసు విరిగింది. మొదట చేసింది పాడైపోయింది, రెండోదీ అంతే. మూడోది నిలిచింది."

 మేస్త్రి దుప్పట్ల మీదే కూర్చుండిపోయాడు.

"నువ్వా?"

"మరెవరు? నీ చేతికి కట్టు, నాన్నకి చూపు లేదు. ఆయన పక్కన కూర్చుని వేలితో తడిమి, 'ఇంకో పిసరు తియ్యి, చాలు చాలు' అనేవాడు. నేను చేసేదాన్ని."

"మరి నా గుర్తెందుకు గీశావు?"

"నాన్నే గీయమన్నాడు. ఆడపిల్ల చేసిందని తెలిస్తే గడియారం ఎవరిస్తారే అన్నాడు. నాకూ నిజమే అనిపించింది."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పాను. కట్టు విప్పిన రోజున 'అన్నయ్యా, నేను ఇరుసు చేశాను' అన్నాను. 'సర్లే, మంచినీళ్ళివ్వు' అన్నావు."

మేస్త్రి ఎంత తవ్వుకున్నా ఆ మాట గుర్తుకు రాలేదు. రాలేదు కాబట్టి అబద్ధం అనడానికీ లేదు. అలా అనగల మనిషినే తను, అది మాత్రం తెలుసు.

"ఎన్ని చేశావు?"

"లెక్క పెట్టలేదు. పాతిక ఉంటాయి, ముప్పై ఉంటాయి. అన్నిటికీ నీ గుర్తే."

బంగారుచెయ్యి అన్న పేరు ఆయనకి ఆ ఏడాదే వచ్చింది. పెళ్ళయి దుకాణానికి తిరిగొచ్చేసరికే జనం అలా పిలుస్తున్నారు. తన పాతపనికి ఇప్పటికి గుర్తింపు వచ్చిందనుకుని మురిసిపోయాడు. ఇప్పుడు ఆ పేరులో తన వాటా ఎంతో, చెల్లెలి వాటా ఎంతో ఎలా తేల్చాలి? తర్వాతి నలభై రెండేళ్ళ పని ఆయనదే, అందులో సందేహం లేదు. అయినా మొదటి మెట్టు తనది కానప్పుడు పైన నిలబడ్డది ఎవరు? 

"కార్డు మీద నీ పేరే రాయిస్తాను" అన్నాడు.

"వద్దన్నయ్యా. గుర్తొకటీ పేరొకటీ ఉంటే చూసేవాళ్ళకి అయోమయం."

"నాకు లేదా అయోమయం? వాళ్ళని కూడా పడనీ!"

ఆమె పకపకా నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు.

నర్సుకి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ఆవిడ కాసేపు గడియారాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "అయితే ఇది బాగుచేసినాయనకి చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చానని మా నాన్న చెప్పేవాడు, అది..."

"తప్పు మనిషికమ్మా. నేను పుచ్చుకున్నాను కూడా."

ప్రదర్శనలో కార్డు మీద చెల్లెలి పేరే వచ్చింది. కిందే చిన్న అక్షరాల్లో 'గుర్తు అన్నగారిది' అని రాశారు. జనం దాన్ని చదివి, ఇద్దరూ కలిసి చేశారు కాబోలనుకుని ముందుకు సాగారు. అన్నాచెల్లెళ్ళు పక్కనే నిలబడి చూశారు. ఎవర్నీ ఆపి చెప్పలేదు.

ఆ తర్వాత గురువారాలు చెల్లెలు దుకాణానికి రావడం మొదలుపెట్టింది. గదిలో రెండో కుర్చీ పట్టక మేస్త్రి బల్లని అడ్డం తిప్పాడు. ఆమె మొదటి వారం తడబడింది, రెండో వారానికి చెయ్యి తిరిగింది. ఆయన పనిలో తప్పులు పట్టడం మాత్రం మొదటి రోజునుంచే జంకు లేకుండా చేసింది.

ఒక మధ్యాహ్నం వర్షానికి బజారు ఖాళీ అయినప్పుడు ఆయన అడిగాడు. "అప్పుడు నిన్ను దుకాణంలో ఉండమని మేం ఎందుకు అనలేదే?"

ఆమె కంటద్దం తియ్యలేదు. "ఏమో. మీరు అనలేదు, నేనూ ఉంటాననలేదు. కర్మాగారంలో ఉద్యోగం వస్తే ఎగిరి గంతేసి వెళ్ళాను. అది సంతోషమో కోపమో నాకిప్పటికీ తెలియదు. కాస్త ఆ దీపం ఇటు జరుపు."

ఆయన దీపం ఆమెవైపు జరిపాడు.