లవర్న్ గారి ఆగస్టు దిగులు

మా కాటర్ ఫోర్క్ ఊళ్లో ఆగస్టు నెల వచ్చిందంటే మూడు సంగతులు ఖాయం. మొక్కజొన్న మనిషి తలను దాటి పెరుగుతుంది. కాలేజీ మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ సాధన మొదలవుతుంది. లవర్న్ హ్రుష్కాకు లైన్‌బ్యాకర్ల మీద దిగులు పట్టుకుంటుంది.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. మా నెబ్రాస్కా రాష్ట్రపు మంచులో ఒక్కసారి కూడా బస్సును గోతిలో దింపలేదు. ఈ మాట ఆవిడ చెప్పదు, ఊరు చెబుతుంది. ఆవిడ చెప్పేదల్లా లైన్‌బ్యాకర్ల గురించే. ముందు వరుసలో లావుపాటి కుర్రాళ్లు అడ్డంగా నిలబడతారు, చివర్లో పరుగెత్తేవాళ్లు ఉంటారు, వాళ్లకు వీళ్లకు మధ్య ఉండే ముగ్గురే లైన్‌బ్యాకర్లు. బంతి ఎటు పోతుందో అందరికంటే ముందు ఆ ముగ్గురికే తెలియాలి, అటు ఉరికి బంతి పట్టుకున్నవాణ్ణి గుద్ది పడగొట్టాలి. తెలియడం లేదని ఆవిడ ఫిర్యాదు. మైదానం కంచె బయట మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని, రోజూ రెండు గంటలు వాళ్ల కాళ్లు చూస్తుంది. మొదటి అడుగు ఎటు పడిందో చూస్తే చాలట, మిగతాదంతా హంగామాయేనట.

ఆగస్టులో ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి మా ఊరి రేడియోవాళ్లు నా హోటల్లోనే కార్యక్రమం పెడతారు. కోచ్ వస్తాడు, ఊరివాళ్లు ప్రశ్నలడుగుతారు, నేను చేసే ఆప్రికాట్ పండు నింపిన కొలాచీ బన్నులు అయిపోతాయి. లవర్న్ మైకు అందుకుని “లైన్‌బ్యాకర్లు” అనగానే అందరూ కాఫీ కప్పులు బల్లకేసి కొట్టాలి. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఏటా నావి నాలుగైదు కప్పులు పగులుతాయి. ఇరవై ఆరేళ్లుగా ఇదే తంతు. ఒక ఏడాది మా ముగ్గురు లైన్‌బ్యాకర్లూ లీగు మొత్తంలో మేటి ఆటగాళ్లుగా ఎంపికయ్యారు. ఆ ఏడు ఈవిడకు ఇంక మాటుండదని మేమంతా సంబరపడ్డాం. వచ్చే ఏడాది ముగ్గురూ చదువు ముగించి వెళ్లిపోతారు కదా, అదీ దిగులన్నది.

ఈసారి మాత్రం ఊరంతా ఆ గురువారం కోసం కాచుకుని ఉంది. మధ్య లైన్‌బ్యాకరు ఆవిడ మనవడు. పేరు కోల్బీ. వాళ్లమ్మ దూరప్రాంతాలకు లారీ నడుపుతుంది కాబట్టి ఆరో ఏటి నుంచీ లవర్న్ దగ్గరే పెరిగాడు. మూడేళ్లు బెంచీ మీద కూర్చుని, వసంతకాలపు సాధన ముగిశాక ఆఖరి ఏడాదికి జట్టులో చోటు సంపాదించాడు. సొంత మనవణ్ణి ఏమంటుందో చూద్దామని పందేలు కాశారు. ఈ ఏడాది నీకు పని లేనట్టే కదా అని నేనూ ఆటపట్టించాను. ఆవిడ నవ్వలేదు. కాఫీ తాగి వెళ్లిపోయింది. రుచి కుదరలేదేమో అనుకున్నాను.

సంగతేమిటో తర్వాత చెప్పింది. ఏప్రిల్లో సాధనలో కోల్బీ తలకు గట్టి దెబ్బ తగిలింది. అప్పటినుంచీ తలనొప్పి. డాక్టరు అడిగినప్పుడల్లా బాగున్నాననే చెప్పాడు. ఎవరికీ చెప్పనని మామ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇదొక్క ఏడాదే మామ్మా, తర్వాత జీవితాంతం ఖాళీయే కదా అన్నాడట. మనవడి మొహం చూసి ఆవిడ ఒప్పుకుంది. జూలైలో వాడు భోజనం బల్ల మీద ఎడమచేతి పక్కనున్న పాల గ్లాసు రెండుసార్లు పడగొట్టాడు. పదిహేనేళ్లుగా తిరిగిన వంటింటి గుమ్మానికి ఎడమ భుజం గుద్దుకున్నాడు. ఆగస్టులో కంచె బయట కూర్చుని చూస్తే, బంతి కుడికి పోతే వాడి అడుగు ఠక్కున పడుతోంది, ఎడమకు పోతే ఒక క్షణం ఆలస్యమవుతోంది. మొదట ఆవిడ కోచ్ రాస్‌మసన్ దగ్గరికి వెళ్లింది. ఒట్టు గుర్తొచ్చి తలనొప్పి మాట ఎత్తకుండా, మధ్యవాడు ఎడమకు ఆలస్యమవుతున్నాడని మాత్రం చెప్పింది. కోచ్ మర్యాదస్తుడు. ఓపిగ్గా విని, ఏటా మీరు చెప్పేదే కదండీ అని చేతులు పట్టుకుని కారు దాకా సాగనంపాడు.

ఆయన్ని అనడానికేం లేదు. ఇరవై ఆరేళ్లు ఒకే మాట చెప్పిన మనిషి ఇరవై ఏడో ఏడు అదే మాట చెబితే నేను మాత్రం ఏం చేసేవాణ్ణి? కొలాచీ పెట్టి పంపేవాణ్ణి.

గురువారం హోటలు కిక్కిరిసింది. లవర్న్ మైకు తీసుకుని “లైన్‌బ్యాకర్లు” అంది. కప్పులు మోగాయి. ఆ మోత పూర్తిగా ఆగేదాకా ఆవిడ ఆగింది.

“ముగ్గుర్లో ఇద్దరు బాగున్నారు,” అంది.

ఇలాంటి మాట ఆ నోటి నుంచి మేమెవరం ఎప్పుడూ వినలేదు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

“మూడోవాడు నా మనవడు. ఏప్రిల్ నుంచీ తలనొప్పితో ఆడుతున్నాడు. డాక్టరుకి అబద్ధం చెప్పాడు. నాచేత ఒట్టేయించుకున్నాడు, ఇదిగో, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నా. ఎడమపక్క ఏం జరిగినా వాడికి ఆలస్యంగా తెలుస్తోంది. మీరంతా నేను ఆట గురించి మాట్లాడుతున్నాననుకుంటున్నారు. నాకు ఆటతో పని లేదు. ఆ పక్కనుంచి ఇంకోడొచ్చి గుద్దితే వాడు మెడైనా తిప్పుకోలేడు. కోచ్ గారూ, మీరు తింటున్నది తర్వాత తినొచ్చు.”

కోచ్ ఫోర్కు కింద పెట్టాడు. రేడియో అతను డర్క్, పాతికేళ్లుగా నోరు మూతపడని మనిషి, గబుక్కున ట్రాక్టర్ల ప్రకటన వేశాడు.

కాలేజీ వ్యాయామశాలలో రేడియో పెట్టి ఉందట. జట్టంతా విన్నారు. గంటలోపే కోచ్ కోల్బీ హెల్మెట్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు, సోమవారం లింకన్ నగరంలో పెద్ద డాక్టరు చూసేదాకా మైదానంలో అడుగు పెట్టొద్దన్నాడు, కారు కూడా నడపొద్దన్నాడు. కోల్బీ రెండు మైళ్లు నడిచి మామ్మ ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు.

“ఊరందరి ముందూ నా పరువు తీశావు. నా మొహం ఎవరికి చూపించుకోను?” అన్నాడు.

“తీశాను,” అంది లవర్న్. “అన్నం తిన్నావా?”

తినలేదు. వెనక్కి తిరిగి మళ్లీ రెండు మైళ్లూ నడిచి కాలేజీ హాస్టలుకి వెళ్లాడు. ఆ నాలుగు రోజులూ ఆవిడ ఫోను చేయడం, వాడు తీయకపోవడం. ఊరు రెండుగా చీలింది. నా హోటల్లో ఒక బల్లవాళ్లు ఇంకో బల్లవాళ్లను ఉప్పు అడగడం మానేశారు. మాటకు కట్టుబడని మనిషని కొందరు మొహం మీదే అన్నారు. నాకు ఒళ్లు మండింది గానీ అందరూ నా గిరాకీలే, నోరు మూసుకున్నాను.

సోమవారం వాణ్ణి తీసుకెళ్లడానికి ఆవిడ తప్ప ఎవరూ లేరు. నాకూ లింకన్‌లో పళ్ల డాక్టరు దగ్గర పనుండి ముందు సీటెక్కాను. కోల్బీ వెనక సీట్లో కూర్చుని టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. తొమ్మిది మైళ్లు నేను కిటికీలోంచి మొక్కజొన్న చూస్తూ కూర్చున్నాను. మామూలుగా అయితే ఆపాటికి నేను నాలుగు కథలు చెప్పేవాణ్ణి.

హైవే కూడలి దగ్గర లవర్న్ పూర్తిగా కారు ఆపింది. బస్సు నడిపిన అలవాటు, చక్రం కదలకుండా ఆగాలి, రెండు పక్కలా చూడాలి. అక్కడ మూలనున్న మొక్కజొన్న అప్పటికే పశువుల మేతకు కోసేశారు. ఎటు చూసినా అర మైలు దాకా నేల బోసిగా ఉంది. కోల్బీ విసుగ్గా టోపీ పైకి తోసి, ముందుకు వంగి, ముందు అద్దంలోంచి నేరుగా చూశాడు.

“ఏమీ రావట్లేదు కదా. పోనివ్వు, ఎంతసేపు?” అన్నాడు. నాలుగు రోజుల్లో అదే మొదటి మాట.

లవర్న్ బ్రేకు మీంచి కాలు తీయలేదు. నాకూ కనబడుతోంది. ఎడమవైపు నుంచి ధాన్యం లారీ, ఎర్రటిది, లైట్లు వేసుకుని వస్తోంది. మా ముక్కు ముందునుంచి దూసుకుపోతే కారు మొత్తం ఊగింది, గడ్డి పరకలు అద్దానికి కొట్టుకున్నాయి.

వెనక సీట్లో కోల్బీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“మామ్మా, అది ఎటునుంచి వచ్చింది?”

“ఎడమ నుంచి, నాన్నా.”

“నేను చూశాను. నిజంగా చూశాను. అక్కడేం లేదు.”

“తెలుసు.”

కోల్బీ చెయ్యి వెనకనుంచి వచ్చి ఆవిడ భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ముప్పై ఏళ్ల పరిచయంలో లవర్న్ ఏడవటం నేను అప్పుడే చూశాను. హైవే రెండు పక్కలా ఖాళీగా ఉంది. అయినా మేం ఆ కూడలి దాటేసరికి చాలాసేపు పట్టింది.