అట్టలు వేసిన పుస్తకాల బీరువా

మొన్న మా మనవరాలి బడిలో పఠనోత్సవం అన్నారు. విజయవాడలో మూడంతస్తుల బడి అది. పైన హాల్లో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, తలో కొత్త పుస్తకం చేతికిచ్చి, ఫొటోలు తీశారు. ఫొటోలు అవ్వగానే ఒక టీచరమ్మ ప్లాస్టిక్ బుట్ట పట్టుకొచ్చి పుస్తకాలన్నీ తిరిగి పోగుచేసుకుంది. మా మనవరాలు అప్పటికి రెండో పేజీలో ఉంది. "ఇంకాసేపు ఉంచండమ్మా, పిల్ల చదువుకుంటోంది" అన్నాను. "ఉత్సవం అయిపోయింది తాతగారూ" అందావిడ, మర్యాదగానే. నాకు ఒళ్ళు మండింది. కానీ ఈ వయసులో ఒళ్ళు మండినా లేచి నిలబడాలంటే కుర్చీ చెయ్యి పట్టుకోవాలి. లేచేసరికి సగం మంట ఆరిపోతుంది. మిగతా సగాన్ని ఇంటికి తెచ్చుకుని ఇది రాస్తున్నాను.

డెబ్బయ్యో దశకంలో నేను పామర్రుకీ కంకిపాడుకీ మధ్య ఒక ఊరి హైస్కూల్లో అటెండర్ని. అప్పట్లో బంట్రోతు అనేవాళ్ళు. నా చదువు అయిదో తరగతి దగ్గర ఆగింది. వేపకొమ్మకి వేలాడే రైలుపట్టా ముక్క మీద సుత్తితో గంట కొట్టడం, కుండల్లో మంచినీళ్ళు నింపడం, నోటీసు పుస్తకం పట్టుకుని క్లాసు క్లాసుకీ తిరగడం నా పని. ఆ బడిలో కళలన్నీ ఉండేవి, టైంటేబుల్లో. సంగీతం పీరియడ్‌ని లెక్కల మాస్టారు వాడుకునేవారు. లైబ్రరీ పీరియడ్‌లో పిల్లల చేత మైదానంలో గడ్డి పీకించేవారు. డ్రాయింగు మాస్టారి చేత గోడల మీద సూక్తులూ, ఊళ్ళో పెద్దల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి స్వాగతం బోర్డులూ రాయించేవారు. సంగీతం టీచరమ్మ కంకిపాడు నుంచి బస్సులో వచ్చేవారు. చిన్నప్పటినుంచీ చర్చిలో హార్మోనియం వాయించి పెరిగిన మనిషి. పొద్దున్న ప్రార్థన గీతం అయ్యాక ఆవిడకి బడిలో పనుండేది కాదు. స్టాఫ్‌రూములో కూర్చుని వేళ్ళతో బల్లమీద చప్పుడు రాకుండా ఏదో వాయించుకుంటూ ఉండేవారు.

లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గారి గదిలో ఉన్న బీరువా ఒక్కటే. అందులో రెండువందల పైచిలుకు పుస్తకాలు. హెడ్మాస్టరు గారు చెడ్డవారు కాదు, పైపై శుభ్రం మీద మోజు, అంతే. ఒక ఏడు ఇన్‌స్పెక్షన్‌కి వారం ఉందనగా బీరువా తెరిపించి, "ఏంటయ్యా ఇది, సంతలో కూరగాయల్లాగా! అన్నిటికీ ఒకే రంగు అట్టలేయించండి" అన్నారు. ఆ పని డ్రాయింగు మాస్టారికి అప్పజెప్పారు. పాపం ఆయనకి ఎన్నేళ్ళకో చేతికి తగిన పని దొరికింది. మూడు రోజులు తొమ్మిదో తరగతి పిల్లల్ని పెట్టుకుని గోధుమరంగు కాగితంతో అట్టలు వేయించారు. అవి ఊడిపోకూడదని లోపలి మడతల్ని మొదటి పేజీకీ ఆఖరి పేజీకీ మైదా జిగురుతో గట్టిగా అంటించేశారు. పుస్తకం పేరు ఉండేది ఆ మొదటి పేజీ మీదే కదా! ఆ తరవాత పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా ఎత్తు ప్రకారం పేర్చి, వీపుల మీద ఎర్ర సిరాతో ముత్యాల్లాంటి అంకెలు వేశారు. రిజిస్టరులో నంబర్లు వేరు, ఇవి వేరు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, జిగురు ఉడకబెట్టింది నేనే. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి బీరువా ముందు రెండు నిమిషాలు నిలబడి, "క్రమశిక్షణ అంటే ఇదండీ" అని మెచ్చుకున్నారు. ఒక్క పుస్తకం కూడా బయటికి తియ్యలేదు.

అసలు సంగతి వార్షికోత్సవానికి నెల ముందు బయటపడింది. ఆ రోజు ఎలాగూ పాటలు ఉండాలి కాబట్టి టీచరమ్మకి ఉన్నట్టుండి పనిపడింది. "పాటల పుస్తకం ఎక్కడ పెట్టారండీ?" అని డ్రాయింగు మాస్టార్ని అడిగారు.

"పొడుగ్గా ఉండేది కదండీ? నూట ఎనభై దాటాక చూడండి" అన్నారాయన దర్జాగా.

నూట ఎనభై మూడు తీస్తే గేదెలకి గాలికుంటు వస్తే ఏం చెయ్యాలో ఉంది. ఆ పక్కది వరి తెగుళ్ళు.

"వీటిని పాడించమంటారా అండీ పిల్లల చేత?"

"రాగం కట్టి చూడండి, రైతులు మెచ్చుకుంటారు."

ఆవిడ నవ్వలేదు. గుమ్మంలో ఉన్న నన్ను పిలిచి, "నీకు చదవడం వచ్చు కదా బాబూ?" అన్నారు. కూడబలుక్కుంటానండి అన్నాను. "అయితే గంటకీ గంటకీ మధ్య నీకేం పని? ఒక్కోటీ చదివి, ఏ నంబరు ఏదో రాసిపెట్టు." హెడ్మాస్టరు గారు సరేనని బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టారు. అట్టలు చింపడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇన్‌స్పెక్టరు మెచ్చిన అట్టలాయె!

కొన్ని పుస్తకాలకి ప్రతి పేజీ మీదా పేరు అచ్చువేసి ఉంది, వాటితో బాధ లేదు. మిగతావి చదివితే తప్ప ఏమిటో తెలియదు. మొదట్లో పీరియడ్‌కి రెండు పేజీలు నడిచేవి. ఏడాది తిరిగేసరికి పీరియడ్ అయిపోయినా గంట కొట్టడం మరిచిపోయే స్థితికి వచ్చాను. లెక్కల క్లాసు అలా సాగిన రోజున పిల్లలు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పేరు తెలియని పుస్తకానికి ఏం రాయాలి? నాకు తోచింది రాశాను. 'అరవై రెండు: అన్నదమ్ముల గట్టు తగాదా. కోర్టుకెళ్ళేదాకా బాగుంది. చివర రాజీ నమ్మేలా లేదు.' 'నూట పది: దయ్యాలు. పగలు చదవాలి.' పాటల పుస్తకం వార్షికోత్సవం అయిన ఆరు నెలలకి నలభై ఒకటో నంబరుగా దొరికింది, అరచేయంత పుస్తకం. ఈలోగా ఆ నోటుపుస్తకం సంగతి పిల్లలకి తెలిసి, "బాబాయ్, ఏడిపించేది ఒకటియ్యి", "బాబాయ్, చివర నమ్మేలా ఉన్నది ఇయ్యి" అంటూ మూగడం మొదలుపెట్టారు. టీచరమ్మ పోట్లాడి శనివారం లైబ్రరీ పీరియడ్ సాధించారు. వరండాలో ఒకళ్ళు చదివితే మిగతావాళ్ళు వినేవాళ్ళు. పద్యమేదైనా వస్తే ఆవిడ హార్మోనియం మీద వరస కట్టేవారు. నా జీవితంలో నేను ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంటే చాలనుకున్నాను.

తెలుగు మాస్టారికి అది నచ్చలేదు. ఒక సాయంత్రం స్టాఫ్ మీటింగుకి నా నోటుపుస్తకం తెప్పించి, "గంట కొట్టేవాడు గ్రంథ విమర్శ చేస్తున్నాడండీ మన బళ్ళో, వినండి" అని పైకి చదివారు. 'రాసినాయన చివరికొచ్చేసరికి అలిసిపోయినట్టున్నాడు' అని ఒకచోట రాసుకున్నాను. దానికి అందరూ పొట్టలు పట్టుకున్నారు. హెడ్మాస్టరు గారూ నవ్వారు. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడు టీచరమ్మ, "నవ్వండి, తప్పులేదు. మీలో అరవై రెండు ఎవరు చదివారో చెప్పండి" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. నా కొంప ముంచింది ఆ నిశ్శబ్దమే. వట్టి నవ్వులతో పోయుంటే నన్ను వదిలేసేవాళ్ళు. హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకుని, "తాళంచెవి మాస్టారికి ఇచ్చెయ్యవయ్యా. దేనికైనా ఒక పద్ధతి ఉండాలి కదా" అన్నారు. పళ్ళెం దించి, తాళంచెవి బల్లమీద పెట్టాను. నోటుపుస్తకం కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది. అప్పటికి నేను చదవాల్సినవి ఇంకా పదకొండున్నాయి. ఆ తరవాత బీరువాకి తాళం తియ్యగా నేను చూడలేదు.

జూన్‌లో టీచరమ్మకి ఇబ్రహీంపట్నం వైపు బదిలీ అయింది. బస్సు దాకా హార్మోనియం మోసుకెళ్ళాను. "ఆ రోజు నేను నోరు మూసుకోవాల్సింది బాబూ" అన్నారావిడ. నేనేమీ అనలేదు. అనాల్సింది.

తరవాత పదేళ్ళకి కాబోలు, పామర్రు బస్‌స్టాండులో రిటైరైన తెలుగు మాస్టారు కనిపించారు. పలకరించకుండా పోదామనుకున్నాను గానీ ఆయనే పిలిచారు. "ఏవోయ్, ఇంకా గంట కొడుతున్నావా?"

"కొడుతున్నానండి."

"నీ నోటుపుస్తకం మా ఇంట్లోనే ఉంది. ఆ పదకొండూ చదివి నేను పూర్తిచేద్దామనుకున్నానోయ్. రెండు రాసేసరికి ఆగిపోయాను. చివర బాగాలేదని రాయాలంటే నాకు చెయ్యి ఆడదు. ఎవరేమంటారో అని భయం. నీకెలా వచ్చింది ఆ ధైర్యం?"

నా రాతలు ఎవరు పట్టించుకుంటారండీ అందామనుకున్నాను. నోట్లోంచి మాత్రం, "ఏ రెండండీ?" అని వచ్చింది.

"ఒకటి పడవవాడి కథ..." అంటుండగా ఆయన బస్సు వచ్చేసింది. మెట్టుమీద నుంచి వెనక్కి తిరిగి, "ఇంటికి రావోయ్, ఇచ్చేస్తాను" అన్నారు.

నేను వెళ్ళలేదు. నలుగురిలో నా చేత తాళంచెవి పెట్టించిన మనిషి గుమ్మం నేనెందుకు ఎక్కాలి? ఆయన ఇంకో రెండేళ్ళు బతికారు. పోయారని తెలిసి వెళ్ళేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్ళు ఉన్నారు. పాత కాగితాలన్నీ తూకానికి ఇచ్చేశామన్నారు. ఆ తరవాత నేను చాలానే చదివాను. విజయవాడ ఫుట్‌పాత్‌ల మీద నేను తిరగెయ్యని పుస్తకాల కుప్ప లేదు. ఆ పడవవాడి కథ చివర ఏమైందో, దాని గురించి ఆయన ఏం రాశారో మాత్రం నాకు తెలియదు. నా కోపం న్యాయమైనదే, ఇప్పటికీ అదే మాట అంటాను. కాకపోతే కోపానికి తొందరుండదు, ఎన్నేళ్ళయినా కూర్చుంటుంది. మనుషులే అంతసేపు ఆగరు.