పదకొండు దేశాల గొంతు

ఛానెల్ గోడలకు ఊదారంగు పూసిన రోజునే గంటక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రంగు వాసన పడలేదు కాబోలు అనుకుంది. మంచి మనిషి, అంతకంటే చెడుగా అనుకోవడం ఆమెకు చేతకాదు.

టైర్ల దుకాణం పైన ఒకటిన్నర అంతస్తులో నడిచే చిన్న ఛానెల్ అది. వేరే గ్రహాలు, ఆకాశనౌకలు, మనుషుల రూపం ఎత్తుకుపోయే వింత ప్రాణులు, పొద్దున లేస్తే ఇవే కథలు. ఇరవై రెండేళ్ళుగా "తర్వాత మీరు చూడబోయేది" అని చెప్పే గొంతు గంటక్కది. గొంతు ఖంగుమంటుందని మొదటి యజమాని ఆ పేరు పెట్టాడు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. భర్త పోయాక ఇంట్లో ఉన్నది ఆమె, మంచం దిగలేని అత్తగారు. ఇద్దరి తిండీ మందులూ ఆ గొంతు మీదే నడిచేవి. కోడలు పక్కన లేకపోయినా టీవీలో వినపడుతుంది గనుక ముసలావిడకు సాయంత్రాలు ఇట్టే గడిచిపోయేవి.

అలాంటి ఛానెల్‌ని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. అప్పటికే ముప్ఫై ఏడు దేశాల్లో ఇలాంటివాటిని కొని, అన్నింటికీ ఒకే పేరు, ఒకే గుర్తు తగిలించింది. ఇది ముప్ఫై ఎనిమిదోది. రెండు వందల పేజీల నియమాల పుస్తకం చంకలో పెట్టుకుని కంపెనీ మనిషి ఒకాయన దిగాడు. గోడలకు ఏ రంగు వేయాలి, తెర మూలన గుర్తు ఎంత ఎత్తులో ఉండాలి, ఫోన్ ఎత్తగానే ఎలా నవ్వాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఆయనకు రంగులాయన అని పేరు పడిపోయింది. వచ్చిన రోజే నిక్షేపంలాంటి పింగాణీ కప్పులను చెత్తబుట్టలో వేయించాడు, పచ్చగా ఉన్నాయని. గోడకు ప్రపంచ పటం తగిలించి, కంపెనీ చేరిన దేశాలన్నింటికీ ఊదారంగు పూయించి, దాని ముందు నిలబడి మురిసిపోయేవాడు. ఒంటి మీద తామర పాకుతుంటే చూసి మురిసిపోయే మనిషిని గంటక్క అంతవరకు చూడలేదు.

ఒకరోజు ఆయన ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు.

"మీ గొంతు మావాళ్ళకి తెగ నచ్చేసిందమ్మా. వేరే దేశాల్లో కూడా మీ భాష వాళ్ళున్నారు కదా, వాళ్ళందరికీ మీరే వినిపించాలి."

"అన్నిచోట్లకీ నేనొక్కదాన్నే ఎలా చెప్తానండీ?"

"మాటలు విడివిడిగా చెప్పి ఇవ్వండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

కాగితాల కట్ట ముందు పెట్టాడు. టీ చల్లారిపోతోందని గబగబా సంతకాలు చేసేసింది.

పన్నెండు రోజులు పట్టింది. వారాల పేర్లు, అంకెలు, నెలలు, "చూడండి", "భయపడకండి", "మళ్ళీ రేపు". ప్రతి మాటనూ మూడు రకాలుగా చెప్పాలి, వాక్యం మొదట్లో వచ్చేలా, మధ్యలో వచ్చేలా, చివర్లో వచ్చేలా. అవి అయ్యాక గుణింతాలు. రికార్డింగ్ చేసే అతను పదేళ్ళుగా ఆమెను అక్కా అని పిలిచే మనిషి. ఏడో రోజున అద్దం అవతల ఎవరూ లేకుండా చూసి మెల్లగా అన్నాడు.

"అక్కా, ఇంత బాగా చెప్పకు. కాస్త నలగ్గొట్టి వదిలెయ్."

"అదేం మాటరా? నలగ్గొడితే నా పేరు పోదూ?"

ఈలోగా రంగులాయన రానే వచ్చాడు. అతను తలవంచుకుని మీటలు సర్దుకున్నాడు. ఆమె మాత్రం "క్ష" సరిగ్గా పలకలేదని, ఎవరూ అడక్కపోయినా, పదకొండుసార్లు చెప్పింది. ఇరవై రెండేళ్ళు మనుషుల రూపం ఎత్తుకుపోయే కథలకు ముందుమాట చెప్పిన మనిషి, తన వంతు వచ్చేసరికి పోల్చుకోలేకపోయింది. తెర మీద వాళ్ళు జిగటగా, తోకలతో వస్తారు. వీళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని టీ ఇచ్చారు మరి.

పదమూడో రోజున ఇక రానక్కర్లేదన్నారు.

ఆ వారంలోనే, అత్తగారికి గంజి పడుతుండగా, టీవీలో ఆమె గొంతు మోగింది. గ్రహాల కథలన్నీ తీసేశారు. "తర్వాత మీరు చూడబోయేది పురుగులు తినే పోటీ. చూడండి. భయపడకండి." ఆమె ఎప్పుడూ అనని మాటలు, ఆమె గొంతులో, అతుకు కనపడకుండా. ఎక్కడా ఊపిరి తీసుకోలేదది. గంటక్కకు ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది.

"నువ్విక్కడుంటే అక్కడెవరే?" అంది అత్తగారు.

"నేనే అత్తయ్యా."

"నువ్వు కాదు. నేను గుర్తుపట్టలేనా? ఛీ, కట్టెయ్ దాన్ని."

మర్నాడు రంగులాయనకు ఫోన్ చేసింది. తన గొంతు తీసెయ్యమని బతిమాలింది.

"కాగితాల్లో అంతా రాసే ఉందమ్మా. ఆ గొంతు ఇప్పుడు మా గుర్తులాంటిదే. పదకొండు దేశాల్లో వస్తోంది తెలుసా?" అన్నాడు, శుభవార్త చెప్తున్నట్టు.

పాస్‌పోర్టు కూడా లేని మనిషి గొంతు పదకొండు దేశాలు తిరుగుతూ పురుగుల పోటీలకు జనాన్ని పిలుస్తోంది. ఆ రోజు గంటక్క మూడుసార్లు నోరు కడుక్కుంది. అయినా ఆ చీదర వదల్లేదు.

మూడు నెలలు తిరిగాక ఒకచోట పని ఉందని తెలిసింది. బస్టాండుల్లో బస్సుల రాకపోకలు చెప్పే ప్రకటనలు తయారుచేసే ఆఫీసు అది. దాన్ని నడిపే ఆవిడ మర్యాదస్తురాలు. కూర్చోమని ఒక కాగితం ఇచ్చింది. గంటక్క రెండు వాక్యాలు చదివేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఆ ఊదారంగు ఛానెల్ గొంతు కదండీ?"

"నాదేనండీ. వాళ్ళ దగ్గరున్నది కూడా నాదే."

"కాదనను. కానీ వాళ్ళు మా మీద కేసు పెడితే నేనేం చెప్పుకోను? మీరు సంతకం చేసే ఇచ్చి ఉంటారు కదా." ఆవిడ కాగితాన్ని మళ్ళీ ఆమె ముందుకు జరిపింది. "ఏమీ అనుకోకపోతే, గొంతు కొంచెం మార్చి చదవగలరా?"

గంటక్కకు లేచి వచ్చేద్దామనిపించింది. ఇంట్లో మందుల సీసా అడుగంటిందన్న సంగతి ఆమెను కుర్చీలోనే కూర్చోబెట్టింది. గొంతు నొక్కిపట్టి, మాటను ముక్కులోకి లాగి, అణగ్గొట్టి, బొంగురుగా చదివింది. బస్సు నంబరు, బయల్దేరే వేళ, ప్లాట్‌ఫారం. చదువుతున్నంతసేపూ ఎవరి ఎంగిలో మింగుతున్నట్టుంది. తన మీద తనకే రోత పుట్టింది.

ఆవిడ ముఖం విప్పారింది.

"ఇది బాగుందండీ. ఇది మీరని ఎవరూ పోల్చలేరు. రేపట్నుంచి వచ్చేయండి."

"వస్తానండీ," అంది గంటక్క, ఆ గొంతుతోనే.