చేతులు మారిన పది రూపాయలు

అమ్మ పాత పర్సులో పల్చటి కలకత్తా బస్సు టిక్కెట్టు దొరికింది. శ్రీకాకుళంలో అమ్మమ్మ దగ్గర పెరిగిన నేను, ఏడేళ్లప్పుడు కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి వచ్చిన కొత్తలో ఎక్కిన బస్సు గుర్తొచ్చింది.

కండక్టరు వేళ్ల సందుల్లో నోట్లు నిలువుగా మడిచి పెట్టుకుని ముందు తలుపు దగ్గరున్నాడు. మధ్యలో కాలు పెట్టే చోటు లేదు. వెనక నుంచి ఒక ముసలాయన నా చేతిలో పది రూపాయల నోటు పెట్టాడు. మా ఊళ్లో పెద్దవాళ్లు అలా ఇస్తే కొనుక్కు తినమనే అర్థం. గుప్పిట మూసేశాను.

“అమ్మా, ఈ తాత నాకు డబ్బులిచ్చాడే!”

“ఓసి పిచ్చిదానా, నీకు కాదే! అది ఆయన టిక్కెట్టుకి. కండక్టర్ దాదాకి అందాల. ఇక్కడ అన్నని దాదా అంటార్లే. ముందోళ్లకియ్యి.”

“ఆళ్లు దాచేసుకుంటే?”

“అందరూ నీలాగే ఉంటారేటి?”

సిగ్గుపడి ఇచ్చేశాను. నోటు జనంలో మాయమైంది. అది పోతే తప్పు నాదేనని మునివేళ్ల మీద లేచి చూశాను. కాసేపటికి టిక్కెట్టూ చిల్లరా చేతులు మారుతూ నా అరచేతిలోకి వచ్చాయి. జాగ్రత్తగా వెనక్కి అందించాను. ముసలాయన లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత నమ్మకం గురించి లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. ఎవరి పిల్లవని అడగకుండా నా చేతిలో డబ్బు పెట్టిన ఆయనంత సూటిగా ఏ పుస్తకమూ చెప్పలేదు.