సొరంగంలో తమాషా

బైకు వెనక మనుషుల్ని ఎక్కించుకుని, యుద్ధకాలంలో జనం తలదాచుకున్న కొండ సొరంగాన్ని చూపించి, సాయంత్రానికి తిరిగి దింపడం అతని పని. మంచి మాటకారి కావడంతో తోటి గైడ్లు అతన్ని కబుర్ల బావ అనేవాళ్ళు. సొరంగం మధ్యకి వెళ్ళగానే టార్చి ఆర్పేసి, పక్కనున్న రేకు తలుపుని దబదబా బాది, "బాంబులొచ్చాయ్, పరిగెత్తండి!" అని అరిచేవాడు. వచ్చినవాళ్ళు ముందు ఉలిక్కిపడి, ఆ తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు.

ఆ రోజు ఒక పెద్దావిడ ఒంటరిగా వచ్చింది. దారంతా అతని భుజం గట్టిగా పట్టుకుని కూర్చుంది. లోపల అతను అలవాటుగా టార్చి ఆర్పి, తలుపు బాది, అరిచాడు. నవ్వు వినిపించలేదు. టార్చి వెలిగిస్తే, ఆవిడ గోడవారగా ముడుచుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

"అమ్మా, ఊరికే తమాషాకి చేశానమ్మా," అన్నాడు తడబడుతూ.

"తెలుసు నాయనా. చిన్నప్పుడు ఇక్కడే దాక్కున్నాం. నేను ఏడవకుండా మా అమ్మ ఇలాగే నోరు మూసేది," అంది ఆవిడ. "నీకెలా తెలుస్తుందిలే."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. తలెత్తకుండానే ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

మర్నాడు వచ్చిన కొత్త జంట, "బాంబుల తమాషా చెయ్యరా? దానికోసమే మీ బైకెక్కాం," అన్నారు.

"మానేశానండీ," అన్నాడు. ఎందుకని అడిగితే, టార్చి నేలకేసి పట్టుకుని ముందు నడిచాడు.